వినపడుతుంది గాని, అర్థం కావడం లేదు!

చెవి, ముక్కు, గొంతు విభాగానికి పెద్దవాళ్ళను తీసుకువచ్చే కుటుంబసభ్యులు తరచుగా చెప్పే మాట ఒకటి ఉంది. "పక్కన కూర్చుని మాట్లాడితే నాన్నగారికి బాగానే వినపడుతుందండీ. నలుగురు చేరితే మాత్రం ఒక్క ముక్క అర్థం కాదు. చెవి మిషను కొనిచ్చినా పెట్టుకోవడం లేదు." కొందరు ఇంకో మాట కూడా అంటారు: "తనకు కావలసినవైతే బాగానే వినపడతాయి!"

ఇది మొండితనం కాదు, నటన అంతకన్నా కాదు. అదే మనిషి, అదే చెవి, అదే మిషను. పడకగదిలో అర్థమైన మాట హాల్లో అర్థం కాకపోవడానికి కారణం చాలావరకు ఆ హాలే. ఈ సంగతి ఇంటిల్లిపాదికీ తెలిస్తే అనవసరమైన కోపతాపాలు తగ్గుతాయి. ఆసుపత్రిలో దీని అవసరం మరీ ఎక్కువ. డాక్టరుగారు "ఏడు రోజులు వాడండి" అంటే "మూడు రోజులు" అని విని మందు ఆపేస్తే నష్టపోయేది రోగే.

చెవిలో ఏం జరుగుతుంది?

లోపలి చెవిలో నత్తగుల్లలాంటి భాగం ఒకటి ఉంటుంది. దానిలో సుమారు 15 వేల సన్నని రోమకణాలు ఉంటాయి. శబ్దాన్ని నరాలకు అందించేవి ఇవే. వయసు వల్ల గాని, ఏళ్ళ తరబడి పెద్ద శబ్దాల మధ్య పనిచేయడం వల్ల గాని ఇవి దెబ్బతింటే మళ్ళీ పుట్టవు. సాధారణంగా ముందుగా దెబ్బతినేవి కీచు శబ్దాలను, అంటే సన్నని హెచ్చుస్థాయి శబ్దాలను పట్టుకునే కణాలు.

మన మాటలో అ, ఆ, ఊ వంటి అచ్చులు బలమైనవి, లావుపాటి శబ్దాలు. ప, త, క, చ, స వంటి హల్లులు బలహీనమైనవి, క్షణంలో ముగిసిపోయేవి. మాటకు మాటకు తేడా చూపేది చాలాసార్లు ఈ హల్లులే. పాలు, కాలు, చాలు అనే మూడు మాటలను చూడండి. ముందున్న హల్లు తీసేస్తే మూడింటిలోనూ మిగిలేది "ఆలు" ఒక్కటే. వినికిడి తగ్గినవారికి ఆ "ఆలు" గట్టిగానే వినపడుతుంది. అందుకే "వినపడుతోంది" అంటారు. "పాలు కావాలా?" అని అడిగితే "చాలు" అన్నట్టు తోచి వద్దని తల ఊపుతారు.

గది మాటను ఎలా పాడుచేస్తుంది?

శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్ల వేగంతో వెళుతుంది. మాట్లాడేవారి నోటి నుండి అది మన చెవికి ఒకసారి నేరుగా వస్తుంది. తరువాత గోడకు, స్లాబుకు, నేలకు తగిలి మళ్ళీ మళ్ళీ వస్తుంది. సెకనులో ఇరవయ్యో వంతు లోపల తిరిగి వచ్చే శబ్దాన్ని మెదడు అసలు మాటతో కలిపేసుకుంటుంది. దానివల్ల కొంత మేలే. ఆ తరువాత వచ్చేది మారుమోతగా మిగిలి, వెనకాల వచ్చే మాట మీద పడుతుంది.

తెలుగులో ఈ చిక్కు ఎలా ఉంటుందో గమనించండి. మన మాటలు ఎక్కువగా అచ్చుతోనే ముగుస్తాయి. బలమైన ఆ అచ్చు గదిలో ఇంకా మోగుతుండగానే తరువాతి మాటలోని బలహీనమైన హల్లు వస్తుంది, మోతలో మునిగిపోతుంది. ఎత్తైన కప్పు గల ప్రార్థన మందిరాలలో, కల్యాణ మండపాలలో మైకు పెట్టినా మాట తెలియకపోవడానికి ఇదే కారణం.

ఈ విషయాన్ని మొదట శాస్త్రీయంగా కొలిచినవారు వాలెస్ సాబిన్ అనే అమెరికా భౌతికశాస్త్ర అధ్యాపకులు. 1895లో హార్వర్డ్ విశ్వవిద్యాలయం వారు కొత్తగా కట్టిన మ్యూజియంలోని ఉపన్యాస మందిరంలో మాట ఏ మాత్రం తెలియకపోతే, కారణం కనుక్కోమని ఆయనకు అప్పగించారు. ఆయన రాత్రివేళ ఒక ఆర్గాన్ గొట్టం ఊది, శబ్దం అణగడానికి పట్టే కాలాన్ని లెక్కించారు. దాదాపు అయిదున్నర సెకన్లు పట్టింది. పక్కనున్న నాటకశాల నుండి కుర్చీల దిండ్లు తెప్పించి పరుస్తూ పోతే ఆ కాలం తగ్గుతూ వచ్చింది. గది పెద్దదైన కొద్దీ మోత పెరుగుతుంది, శబ్దాన్ని పీల్చుకునే మెత్తని వస్తువులు పెరిగిన కొద్దీ తగ్గుతుంది. నేటికీ ఇదే సూత్రం.

ఇప్పటి మన ఇళ్ళు చూడండి. గ్రానైటు నేల, సిమెంటు గోడలు, అద్దాల కిటికీలు. చూడడానికి బాగుంటాయి గాని, శబ్దాన్ని పీల్చుకునేది ఏదీ ఉండదు. ఆసుపత్రి వార్డుల్లో శుభ్రత కోసం తివాచీలు వేయడం కుదరదు. కాబట్టి అక్కడ మోత తప్పదు.

రొద సంగతి

మోతకు రొద తోడైతే కష్టం రెట్టింపవుతుంది. ఫ్యాను, టీవీ, మిక్సీ, వార్డులో ట్రాలీ చక్రాలు, పరికరాల అలారాలు, పక్క మంచం దగ్గరి మాటలు అన్నీ కలిసి వస్తాయి. చెవులు బాగున్న మనిషి పెళ్ళి పందిట్లో కూడా తనకు కావలసిన గొంతును వేరుచేసి వినగలడు. రెండు చెవులకు వచ్చే శబ్దాల మధ్య ఉండే సూక్ష్మమైన తేడాలను మెదడు ఇందుకు వాడుకుంటుంది. ఈ శక్తిని ఇంగ్లండుకు చెందిన కోలిన్ చెర్రీ అనే శాస్త్రవేత్త 1953లో పరిశోధించి "కాక్‌టెయిల్ పార్టీ సమస్య" అని పేరు పెట్టారు. వినికిడి తగ్గినవారిలో ఈ శక్తి కూడా తగ్గుతుంది. అందుకే సమావేశం అయ్యేసరికి వారు అలసిపోయి, మౌనంగా ఒక మూలకు చేరతారు.

ఇంకొక సంగతి. రొదలో ఉన్నప్పుడు ఎవరైనా తమకు తెలియకుండానే గొంతు పెంచుతారు. దీన్ని 1911లో ఫ్రెంచి వైద్యులు లొంబార్డ్ వివరించారు. సందర్శకుల వేళలో వార్డు నిమిష నిమిషానికి గోలగా మారడం వెనుక ఉన్నది ఇదే.

చెవి మిషను ఏం చేయగలదు?

చెవి మిషనులో మైకు, శబ్దాన్ని పెంచే భాగం, చిన్న స్పీకరు ఉంటాయి. కేవలం శబ్దాన్ని పెంచే చవక పరికరాలు మాటతోపాటు ఫ్యానును, గిన్నెల చప్పుడును, గోడల మోతను కూడా పెంచుతాయి. పెద్దవారు దాన్ని తీసి బల్లమీద పెట్టేయడానికి ఇదే ముఖ్యకారణం.

పరీక్ష చేసి అమర్చే డిజిటల్ మిషన్లు ఇంకొంచెం తెలివైనవి. ఏ స్థాయి శబ్దం ఎంత తగ్గిందో చూసి, అంతమేరకే పెంచుతాయి. కొన్నిటిలో రెండు మైకులు ఉంటాయి. ముందు నుండి వచ్చే శబ్దం, వెనుక నుండి వచ్చే శబ్దం రెండు మైకులను చేరే సమయంలోని తేడాను బట్టి వెనుక వైపు శబ్దాన్ని తగ్గిస్తాయి. దీనివల్ల లాభం కొద్ది డెసిబెల్స్ మాత్రమే. బాగా మోగే గదిలో అదీ తగ్గుతుంది. మాట మోత అన్ని వైపుల నుండీ వస్తుంది గనుక ఏది ముందు, ఏది వెనుక అన్నది మిషనుకు తెలియదు.

రొదను తగ్గించే ఏర్పాటు కూడా ఉంటుంది. ఫ్యాను హోరు ఒకే తీరుగా సాగుతుంది కాబట్టి దాన్ని గుర్తించి తగ్గించడం సులభం. పక్కవారి మాటలు అలా కాదు. అవీ మాటలే కదా! ఈ పని చాలాకాలం వరకు చెవికి హాయినిచ్చింది గాని, మాట అర్థమయ్యేలా పెద్దగా చేయలేకపోయింది.

2013లో అమెరికాలోని ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయం వారు ఒక ముందడుగు వేశారు. శుభ్రమైన మాటలో రొదను కలిపి వేలకొద్దీ ఉదాహరణలు కంప్యూటరుకు వినిపించి, ఏది మాట, ఏది రొద అని వేరుచేయడం నేర్పారు. వినికిడి తగ్గినవారికి వినిపించిన ఒక పరీక్షలో, గుంపు మాటల రొదలో 29 శాతం మాటలే అర్థమైనవారికి ఈ శుద్ధి తరువాత 84 శాతం అర్థమయ్యాయి. ఆ పరిశోధకులలో ఒకరైన డిలియాంగ్ వాంగ్ తన తల్లి వినికిడి తగ్గడాన్ని గురించి స్వయంగా రాశారు. అటుతర్వాత గది మారుమోతను కూడా కలిపి నేర్పడం మొదలైంది. 2021 నాటికి ఇలా శిక్షణ పొందిన చిప్పులు గల చెవి మిషన్లు అమ్మకానికి వచ్చాయి. అయితే చెవి మిషను ఈ పనంతా సెకనులో నూరో వంతులోనే ముగించాలి. ఆలస్యమైతే పెట్టుకున్నవారికి తమ గొంతే రెండుగా వినపడుతుంది. అందువల్ల ప్రయోగశాల ఫలితమంతా చెవిలో దొరుకుతుందని ఆశించకండి.

మాటను అక్షరాలుగా చూపే ఫోన్లు

మాట్లాడితే అక్షరాలుగా చూపే సదుపాయం ఫోన్లలో ఉంది. 2017లో గూగుల్ సంస్థ తెలుగుతోపాటు మరికొన్ని భారతీయ భాషలకు ఈ ఏర్పాటు చేసింది. చెవి మిషను కుదరనివారికి ఇది మంచి ఆసరా. కాని గది దీన్నీ వదలదు. 2018లో నిర్వహించిన చైమ్ అనే అంతర్జాతీయ పోటీలో 20 ఇళ్ళలో జరిగిన విందు సంభాషణలను కంప్యూటర్లకు ఇచ్చారు. పోటీదారులకు నమూనాగా ఇచ్చిన పద్ధతిలో, గదిలో దూరంగా ఉంచిన మైకులతో మాటల తప్పులు దాదాపు 80 శాతం వచ్చాయి. మాట్లాడేవారి చెవుల దగ్గరే పెట్టిన మైకులతో తప్పులు సగానికి కాస్త తక్కువకు దిగాయి. ఆ తరువాత పద్ధతులు చాలా మెరుగుపడ్డాయి గాని, పాఠం ఒక్కటే: మైకు నోటికి దగ్గరగా ఉండాలి.

కాబట్టి ఫోనును రోగి ఒడిలో కాక, మాట్లాడేవారి దగ్గర పెట్టండి. మందు పేర్లు, మోతాదు, రోజుల లెక్క మాత్రం ఫోను చూపిందని నమ్మకండి. చీటీతో సరిచూసుకోండి.

కుటుంబసభ్యులు చేయవలసినవి

1. దగ్గరకు వెళ్ళండి. దూరం సగమైతే నేరుగా వచ్చే శబ్దం 6 డెసిబెల్స్ పెరుగుతుంది. నాలుగు మీటర్ల నుండి ఒక మీటరుకు వస్తే 12 డెసిబెల్స్. గది మోత మాత్రం పెరగదు. ఖరీదైన మిషను కూడా ఇంత మేలు చేయడం కష్టం, దీనికి పైసా ఖర్చు లేదు.

2. అరవకండి. అరిస్తే అచ్చులే పెరుగుతాయి, హల్లులు పెరగవు. పైగా దెబ్బతిన్న చెవికి పెద్ద శబ్దం బాధ కలిగిస్తుంది. నిదానంగా, మాటకు మాటకు మధ్య కాస్త ఆగుతూ చెప్పండి. ఆ విరామంలో మోత అణుగుతుంది.

3. ముఖం కనిపించేలా, వెలుతురు మీ ముఖం మీద పడేలా కూర్చోండి. పెదవుల కదలిక సగం మాట చెబుతుంది. మాస్కు ఉంటే రాసి చూపండి.

4. ముందు టీవీ ఆపండి, తరువాత మాట్లాడండి. వార్డులో ముఖ్యమైన సంగతి మాట్లాడాలంటే తలుపు మూసే గది ఇవ్వమని సిస్టరుగారిని అడగండి.

5. ఇంట్లో పెద్దవారు కూర్చునే గదిలో దళసరి కర్టెన్లు, పరుపు, బొంత, బట్టల అలమర వంటివి ఉండేలా చూడండి. వారి కుర్చీని హాలు నడుమ కాకుండా రొదకు దూరంగా వేయండి.

6. విన్నదాన్ని తిరిగి చెప్పించుకోండి. "అర్థమైందా?" అని అడిగితే చాలామంది మొహమాటానికి అవునంటారు. "ఎన్ని రోజులు వాడాలన్నారు?" అని అడగండి.

7. అర్థం కాకపోతే అదే మాటను మళ్ళీ మళ్ళీ అనకుండా వేరే మాటలతో చెప్పండి. "ఏమీ లేదులే" అని వదిలేయకండి. ఆ మాట వారిని ఎంతో నొప్పిస్తుంది.

8. మిషను కొనేటప్పుడు మాట్లాడేవారి దగ్గర పెట్టుకునే విడి మైకు దానికి కుదురుతుందేమో అడగండి. మోగే హాళ్ళలో దీని ఉపయోగం ఎక్కువ.

9. కొత్త మిషనుకు అలవాటు పడడానికి కొన్ని వారాలు పడుతుంది. మొదట నిశ్శబ్దమైన గదిలో రోజుకు గంటో రెండు గంటలో పెట్టించి, క్రమంగా పెంచండి. తిరిగి చూపించుకుని సరిచేయించుకోవడం మానకండి.

డాక్టరుకు ఎప్పుడు చూపించాలి?

వినికిడి తగ్గిందని అనిపిస్తే మిషను కొనేముందు పరీక్ష చేయించండి. గులిమి అడ్డుపడడం వంటి చిన్న కారణమైతే సులభంగా సరిపోతుంది. ఒక చెవి ఉన్నట్టుండి ఒకటి రెండు రోజుల్లో వినపడకుండా పోతే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి రండి. వెంటనే వైద్యం మొదలుపెడితే కోలుకునే అవకాశం ఎక్కువ. చెవినొప్పి, చీము, తల తిరగడం ఉన్నా చూపించాలి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఇచ్చిన నివేదిక ప్రకారం ప్రపంచంలో 150 కోట్ల మందికి ఏదో ఒక స్థాయిలో వినికిడి లోపం ఉంది. అంటే దాదాపు అయిదుగురిలో ఒకరు. కనుక ఇది సిగ్గుపడవలసిన విషయం కాదు. యంత్రాలు ఏటేటా మెరుగవుతున్నాయి, వాటిని వాడుకుందాం. అంతవరకు, ఆ తరువాత కూడా, రెండడుగులు ముందుకు వేసి, ఎదురుగా కూర్చుని, నిదానంగా చెప్పే మనిషి వారికి కావాలి.