స్పెయిన్ వెళ్తే స్పానిష్ వచ్చేస్తుందా?

ఎమ్మిగనూరు నుంచి మా ఖాలా ఫోన్ చేసింది. కూతురు డిగ్రీ రెండో ఏడాది. స్పానిష్ నేర్చుకుంటే మంచి ఉద్యోగం వస్తుందని ఎవరో చెప్పారంట. "బేటా, నెల రోజులు స్పెయిన్ పంపిస్తే భాష వచ్చేస్తుందా? పెళ్ళికని దాచిన బంగారం కుదువ పెడదామనుకుంటున్నా" అంది. నేను వెళ్ళొచ్చినవాణ్ణి కాబట్టి ఆమెకు చెప్పిందే మీకూ చెప్తున్నా.

బీకాం అయ్యాక హైదరాబాద్‌లో ఒక ఆఫీసులో స్పానిష్ ఇన్‌వాయిస్‌లు చూసే పని చేశాను. సాయంత్రం క్లాసుల్లో కొంత భాష నేర్చుకుని, దాచుకున్న డబ్బుతో గ్రనడా నగరంలో నాలుగు వారాల కోర్సుకు వెళ్ళాను. మొదటి రెండు వారాలు దాదాపు వృథా. పొద్దున క్లాసు, మిగతా టైమంతా రూములో మనవాళ్ళతో ఉర్దూ, హిందీ. మూడో వారం ఒక స్థానిక కుటుంబం ఇంట్లోకి మారాను. ఆ ఇంటి పెద్దావిడకు ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు. ఉప్పు అడగాలన్నా, పంది మాంసం తిననని చెప్పాలన్నా స్పానిషే గతి. తప్పులు మాట్లాడాను, నవ్వారు, సరిదిద్దారు. అప్పుడే నోరు తిరిగింది.

అంటే విదేశీ ప్రయాణం భాషను మొదటినుంచి నేర్పదు, వచ్చిన భాషకు ధైర్యం ఇస్తుంది. ఐరోపాలో భాషా స్థాయిలను ఏ1 నుంచి సీ2 వరకు ఆరుగా లెక్కిస్తారు. కనీసం ఏ2, వీలైతే బీ1 వరకు ఇక్కడే చదివి వెళ్తేనే ఖర్చుకు ఫలితం. హైదరాబాద్ ఇఫ్లూలో స్పానిష్ బీఏ ఉంది. ఢిల్లీలో స్పెయిన్ ప్రభుత్వ సంస్థ ఇన్‌స్తితూతో సెర్వాంతెస్ ఉంది. ఆ సంస్థ ఇచ్చే డెలె సర్టిఫికెట్‌కు గడువు తీరడం ఉండదు. కోర్సుకు హాజరైనట్టు ఇచ్చే కాగితం కంటే ఉద్యోగానికి ఇదే బలం.

వీసా సంగతి. 90 రోజుల లోపు కోర్సుకు షెంగెన్ వీసా చాలు, అంతకు మించితే స్టూడెంట్ వీసా కావాలి. షెంగెన్ వీసాకు కనీసం 30,000 యూరోల వైద్య ఖర్చులకు సరిపడే ట్రావెల్ ఇన్సూరెన్స్ తప్పనిసరి. డబ్బు కట్టేముందు రెండు ప్రశ్నలు అడగండి: బస స్థానిక కుటుంబంతోనా? క్లాసులో ఎంతమంది?

నమాజ్ గురించి పెద్దవాళ్ళు దిగులు పడతారు. గ్రనడాలో 2003లో తెరిచిన పెద్ద మసీదు ఉంది. అక్కడ నిలబడితే ఎదురుగా అల్‌హంబ్రా కోట కనిపిస్తుంది.

మన పిల్లలకు ఇంకో లాభం ఉంది. 711 నుంచి 1492 వరకు స్పెయిన్‌లో ముస్లింల పాలన సాగింది, దాని గుర్తులు భాషలో మిగిలాయి. మన శక్కర్ అక్కడ 'అథూకర్', నారింజ 'నరాంహ'. ఆదోని యార్డుకు వచ్చే పత్తి 'అల్గొదోన్', అరబీలో అల్-ఖుత్న్. ఏదైనా జరగాలని కోరుకుంటే 'ఒహలా' అంటారు, అందులో ఉన్నది అల్లాహ్ పేరే. పైగా ఇంట్లో ఉర్దూ, బడిలో తెలుగు, బజారులో కన్నడ మాట్లాడే ఆదోని పిల్లలకు కొత్త భాషంటే బెరుకు తక్కువ.

"ముందు ఏడాది ఇక్కడ చదివించు ఖాలా, బీ1 అయ్యాక టికెట్ సంగతి చూద్దాం" అన్నాను. బంగారం బీరువాలోనే ఉంది. చెల్లి ఆన్‌లైన్ క్లాసులో చేరింది.