మిగ్ వెల్డింగు యంత్రం (గృహ వినియోగం)

మిగ్ వెల్డింగు అనునది లోహాలను అతుకు ఆర్క్ వెల్డింగు విధానాలలో ఒకటి. ఇందులో చుట్టనుండి ఎడతెగక వచ్చు సన్నని తీగయే ఎలక్ట్రోడుగాను, పూరకలోహంగాను పనిచేయును. కరిగిన లోహానికి గాలి తగలకుండా రక్షక వాయువు కాపాడును. ఈ విధానాన్ని 1948లో అమెరికాలోని బాటెల్ మెమోరియల్ ఇన్‌స్టిట్యూట్‌లో అల్యూమినియం అతుకుటకై రూపొందించారు.

ఎంపికలో గమనించవలసిన అంశాలు

విద్యుత్ప్రవాహం: 1 మి.మీ. మందంగల మైల్డ్ స్టీలు రేకుకు సుమారు 40 ఆంపియర్లు కావలెను. గేట్లు, బల్లలవంటి 1.5 నుండి 3 మి.మీ. పనులకు 60–120 ఆంపియర్లు సరిపోవును. ఇంటిలోని 16 ఆంపియర్ల సాకెట్టు 230 వోల్టుల వద్ద ఇచ్చునది సుమారు 3.7 కిలోవాట్లే. కావున అంతకు మించిన యంత్రం కొన్నను దాని పూర్తిశక్తి అక్కరకు రాదు.

డ్యూటీ సైకిల్: 20 శాతం అనగా, పేర్కొన్న ప్రవాహం వద్ద 10 నిమిషాలలో 2 నిమిషాలే అతకవచ్చును, మిగిలిన 8 నిమిషాలు యంత్రం చల్లారవలెను. తక్కువ ప్రవాహంవద్ద ఎక్కువసేపు పనిచేయును.

వాయువు: కార్బన్ డయాక్సైడు చవక, కాని లోహపు తుంపరలు ఎక్కువ. ఆర్గాన్ కలిపిన మిశ్రమంతో అతుకు నునుపుగా వచ్చును. ఫ్లక్సు నింపిన స్వీయరక్షక తీగకు సిలిండరు అక్కరలేదు. గాలి వీచు ఆరుబయట ఇది అనుకూలం. అయితే ఈ తీగను సాధారణంగా ఋణధ్రువానికి, ఘనతీగను ధనధ్రువానికి కలుపుదురు. కావున ధ్రువాలు మార్చు వీలున్న యంత్రమే రెండింటికీ పనికివచ్చును.

జాగ్రత్తలు

ఆర్క్‌నుండి వెలువడు అతినీలలోహిత కిరణాలు కంటికి, చర్మానికి హానికరం. ముఖకవచం, తోలు చేతితొడుగులు తప్పనిసరి. జింకుపూత రేకుల పొగ పీల్చినచో జ్వరం రావచ్చును. పూత తొలగించి, గాలి ఆడుచోట అతకవలెను. యంత్రానికి కేటాయించు సొమ్ములో వీటికి ముందే కొంత తీసియుంచుట మేలు.