ఒక్క అక్షరముపై వాదము

దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్ చర్చిలలో తండ్రి, కుమార, పరిశుద్ధాత్మల నామమున ఆశీర్వచనము వినబడును. ఈ ముగ్గురును ఒక్క దేవుడేనా యను ప్రశ్నపై ఒకనాడు క్రైస్తవలోకమే చీలినది.

అలెగ్జాండ్రియా గురువు ఏరియసు, కుమారుడు తండ్రిచే సృష్టింపబడినవాడని బోధించెను. 325లో నైసియా సభ ఆ బోధను త్రోసిపుచ్చి, కుమారుడు తండ్రితో ఏకతత్త్వము గలవాడని నిర్ణయించెను. సదృశతత్త్వమనిన చాలునని పిమ్మట కొందరనిరి. గ్రీకున 'హోమోఊసియోస్', 'హోమోయిఊసియోస్' పదములకు భేదము ఒక్క అక్షరమే.

ఇది వట్టి శబ్దవివాదము కాదు. సృష్టింపబడినవాడు సృష్టిని ఉద్ధరింపజాలడని అథనేసియసు వాదము. ఆ పోరులో ఆయన ఐదుమారులు ప్రవాసమనుభవించెను. 381లో కాన్‌స్టాంటినోపిలు సభ నైసియా నిర్ణయమును స్థిరపరచెను. యెహోవాసాక్షులు మాత్రము నేటికిని త్రిత్వమును అంగీకరింపరు.

తండ్రి తనకంటె గొప్పవాడనిన క్రీస్తే, తానును తండ్రియు ఏకమనియు పలికినట్లు యోహాను సువార్త చెప్పుచున్నది. ఇరుపక్షములకును ఆధారము ఒక్క గ్రంథముననే కలదు.