బొగ్గులో దాగిన వాయువు

బాలలూ! బొగ్గు ముక్కను చూస్తే గట్టి రాయిలా ఉంటుంది. కాని దానిలో కంటికి కనిపించని సన్నని రంధ్రాలు లెక్కలేనన్ని ఉన్నాయి. వాటి గోడలకు మీథేన్ అనే వాయువు అంటుకుని ఉంటుంది. ఇలా అంటుకోవటాన్నే అధిశోషణం అంటారు.

గోదావరికి ఒక ఒడ్డున శ్రీరాంపూర్, రెండో ఒడ్డున గోదావరిఖని ఉన్నాయి. రెండు చోట్లా సింగరేణి వారి బొగ్గు బావులున్నాయి. మొదటిది పూర్వపు ఆదిలాబాదు జిల్లాలోనిది, రెండవది కరీంనగర్ జిల్లాలోనిది. 2016లో జిల్లాలను విడదీసినప్పుడు ఇవి మంచిర్యాల, పెద్దపల్లి జిల్లాలలో చేరాయి.

భూమిలోపల బొగ్గు తవ్వుతుంటే ఒత్తిడి తగ్గి మీథేన్ బయటికి వస్తుంది. గాలిలో అది నూటికి 5 మొదలు 15 పాళ్ళ దాకా కలిస్తే, ఒక్క నిప్పురవ్వకే పేలుతుంది. కనుక పెద్ద ఫాన్లు పెట్టి గనిలో గాలి ఆడేటట్టు చేస్తారు. ఎంత గాలి కావాలో తెలియాలంటే, బొగ్గు ఎంత వాయువును పట్టి ఉంచుతుందో ముందు తెలియాలి.

అందుకు బొగ్గును పొడి చేసి, మూసిన పాత్రలో పోసి, మీథేన్ పంపి, ఒత్తిడి పెంచుతూ కొలుస్తారు. మామూలు గాలికి 20 రెట్ల ఒత్తిడి వద్ద ఒక టన్ను బొగ్గు 6 ఘనపు మీటర్ల వాయువు పట్టిందనుకోండి. మరి 100 రెట్ల వద్దనో? త్రైరాశికం ప్రకారం 30 రావాలి. కాని కొలిస్తే 10 మాత్రమే వస్తుంది!

ఎందుకని? తరగతిలో బల్లలన్నీ ఖాళీగా ఉంటే, వచ్చినవారికి వెంటనే చోటు దొరుకుతుంది. నిండుతున్నకొద్దీ దొరకటం కష్టం. బొగ్గు రంధ్రాలలోనూ ఇంతే. అమెరికా శాస్త్రజ్ఞుడు ఇర్వింగ్ లాంగ్‌ముయిర్ 1918లో దీనికొక సూత్రం చెప్పాడు. మన బొగ్గు పట్టగల మొత్తం వాయువు 12, అందులో సగం నిండే ఒత్తిడి 20 అనుకుందాం. ఒత్తిడిని 12తో హెచ్చవేసి, ఒత్తిడికి 20 కలిపితే వచ్చే సంఖ్యతో భాగించండి. 20 వద్ద 6, 80 వద్ద 9.6, 100 వద్ద 10 వస్తాయి.

నిజపు కొలతలు గ్రాఫు కాగితం మీద ఇంత చక్కగా కుదరవు. గీతకు కాస్త పైనా, కాస్త కిందా పడతాయి. అన్నిటికీ మొత్తంమీద దగ్గరగా పోయే గీత దొరికేదాకా ఆ 12నూ, 20నీ మార్చి చూస్తారు. తరువాత కొత్త ఒత్తిడి వద్ద మళ్ళీ కొలిచి, గీత సరి అయినదో కాదో పరీక్షిస్తారు.

ఇప్పుడు వెనక్కు లెక్క చూడండి. ఒత్తిడి 100 నుంచి 80కి తగ్గితే 0.4 ఘనపు మీటరే బయటికి వస్తుంది. అదే 20 నుంచి సున్నకు తగ్గితే 6 వస్తుంది, అంటే 15 రెట్లు! మొదట కొంచెమే వచ్చింది గదా అని ఫాన్లు తగ్గిస్తే ఎంత ప్రమాదం! అందుకే లెక్కతో ముందే జాగ్రత్తపడి, లోపల పరికరాలతో వాయువును కొలుస్తూనే ఉంటారు.

మరి 60 రెట్ల ఒత్తిడి వద్ద ఎంత వాయువు పడుతుందో మీరే లెక్క కట్టండి. జవాబు 9 వస్తే మీ లెక్క సరి అయినదే!