తోటభూములకు బొగ్గు: వాడదగిన విధము, వాడగూడని విధము

కొత్తవలస, శృంగవరపుకోట ప్రాంతములందలి తోటభూములలో అధికభాగము ఎఱ్ఱనేలలు. ఇవి సులభముగా దున్నుటకు వీలగును. నీరు త్వరగా ఇంకును. మామిడికిని జీడిమామిడికిని అనుకూలమైనవే. కాని వేసిన ఎరువును నిలుపుకొను శక్తి వీనికి తక్కువ. వేసవిలో బండ్లకొలది గత్తము తోలినను, ఎండవేడిమికి కొంత, నైరృతి వానలకు కొంత, ఆ పిమ్మట తుపాను వానలకు కొంత హరించిపోవును. మఱుసటి యేడు రైతు మరల మొదటినుండి ప్రారంభింపవలసి వచ్చుచున్నది. ఈ నష్టమును తగ్గించు ఉపాయములలో బొగ్గు ఒకటి. నేలకు వేయుటకై చేసిన ఈ బొగ్గునే శాస్త్రజ్ఞులు బయోచార్ అనుచున్నారు. అయితే దీనిని తెలియక వాడినచో మేలునకు బదులు కీడు కలుగవచ్చును. కావున సభ్యులు ముందుగా ఈ క్రింది విషయములను గమనింప గోరుచున్నాము.

బొగ్గు వేఱు, బుగ్గి వేఱు

కట్టె గాలి బాగుగా తగులునట్లు పూర్తిగా కాలిన బుగ్గి మిగులును. గాలి చాలక కాలిన బొగ్గు మిగులును. బుగ్గిలో పొటాషు, సున్నము కలవు. కాని పొటాషు నీటిలో త్వరగా కరగును గనుక కొన్ని వానలతో కొట్టుకొనిపోవును. బొగ్గు కరగదు, త్వరగా క్రుళ్లదు. అనేక సంవత్సరములు నేలలోనే యుండును. దానిలో కంటికి కానరాని రంధ్రములు అసంఖ్యాకముగా కలవు. వానియందు నీరును, ఎరువులోని సారమును చేరి నిలుచును.

ఐనను బొగ్గు స్వయముగా ఎరువు కాదు. ఎరువు ధాన్యమైనచో బొగ్గు గాదె వంటిది. వట్టి గాదెను చూచి యెవరి ఆకలియు తీరదు. అంతియే కాదు, వట్టి బొగ్గును నేలలో కలిపినచో అది తన చుట్టునున్న నత్రజనిని తానే పట్టుకొనును. ఆ పంట ఆకులు పసుపువన్నెకు తిరిగి, మొక్కలు గిడసబారవచ్చును. కనుక గాదెను ముందు నింపి, పిమ్మట పొలమునకు చేర్పవలెను. ఈ విషయమంతటికిని ఇదియే మూలము.

దక్షిణ అమెరికాలో అమెజాను నదీప్రాంతమున, సారహీనమైన నేలల నడుమ అచ్చటచ్చట నల్లని సారవంతమైన మన్ను కలదు. ఐరోపావారు అడుగుపెట్టుటకు పూర్వమే అచ్చటి ప్రజలు తమ నివాసముల చెంత బొగ్గును, ఎముకలను, వంటింటి చెత్తను, కుండపెంకులను చేర్చుటచే అది యేర్పడినది. అనగా అదియు నింపిన గాదెయే. మన దేశమున హైదరాబాదులోని కేంద్రీయ మెట్ట వ్యవసాయ పరిశోధనా సంస్థవారు కంది, ప్రత్తి, ఆముదము, మొక్కజొన్న మోళ్లనుండి చిన్న పీపా కొలిమిలో బొగ్గు చేయు విధమును పరిశోధించిరి.

చేయు విధము

మన ప్రాంతమున మామిడి, జీడిమామిడి కత్తిరింపు కొమ్మలు, సరుగుడు రెమ్మలు, కందికంప, గోగుపుల్లలు, కొబ్బరిచిప్పలు ఇందుకు తగినవి. అవి బాగుగా ఎండియుండవలెను.

ఇండ్లకును, గడ్డివాములకును దూరముగా, పైన 4 అడుగుల వెడల్పును, 2½ అడుగుల లోతును కలిగి, అడుగునకు పోనుపోను సన్నమగు గొయ్యి త్రవ్వవలెను. అడుగున సన్నపుల్లలు పేర్చి, వానికి పైభాగమున నిప్పంటింపవలెను. మంట బాగుగా లేచిన తరువాత కట్టెను కొద్దికొద్దిగా వేయుచుండవలెను. పై కట్టెమీద తెల్లని బుగ్గిపొర కనబడగానే మఱియొక వరుస వేయవలెను. క్రొత్త వరుస మండుచు గాలిని లోనికి పోనీయదు. క్రింది వరుస బొగ్గుగా మాఱును. మంట పొగను కాల్చివేయును గనుక పొగయు స్వల్పముగానే యుండును. గొయ్యి నిండి మంట తగ్గగానే నీరు పోసి, కలియబెట్టి, పూర్తిగా చల్లార్పవలెను. లోపల ఒక్క నిప్పుకణిక మిగిలినను తెల్లవారునప్పటికి బొగ్గంతయు బుగ్గి కావచ్చును.

వరి ఉనక గోతిలో ఈ విధముగా కాలదు. చిల్లులు పొడిచిన డబ్బాలో నిప్పుంచి, దానికి పొగగొట్టమమర్చి, చుట్టును ఉనకను రాశిగా పోసినచో లోపలినుండి క్రమముగా నల్లబడును. అపుడపుడు తిరుగవేయుచు, అంతయు నల్లబడగానే పఱచి నీరు చల్లవలెను. జపానులో దీనిని కుంటాన్ అందురు, నారుమళ్లకు వాడుదురు.

చల్లారిన బొగ్గును చేత నలిపి చూడవలెను. చేతి మసి వట్టినీటితో పోయినచో బొగ్గు మంచిది. జిడ్డుగా అంటి, పొగవాసన కొట్టినచో సరిగా కాలలేదని తెలియవలెను.

నింపు విధము

తడిబొగ్గును బఠాణిగింజ ప్రమాణమునకు నలుగగొట్టవలెను. నాలుగు తట్టల గత్తమునకు ఒక తట్ట బొగ్గు చొప్పున కలిపి, పశువుల మూత్రముతో తడిపి, నీడను కుప్పవేసి, కనీసము ఒక మాసము మాగనీయవలెను. పశువులశాలలో మూత్రము నిలుచు చోట బొగ్గుపొడి చల్లి, వారమున కొకసారి పెంటకుప్పకు చేర్చుట ఇంకను సులభము. వృథాగా పోవు నత్రజనియు దక్కును.

ఎంత వేయవలెను?

చదరపు మీటరునకు 1 కిలో బొగ్గు చొప్పున లెక్కించినచో సెంటు భూమికి 40 కిలోలు కావలెను. ఎండుకట్టెలో నాలుగవవంతు బొగ్గుగా వచ్చుననుకొన్నను, సెంటునకు 160 కిలోల కట్టె, ఎకరమునకు 16 టన్నుల కట్టె పట్టును. ఇది సామాన్య రైతునకు సాధ్యము కాదు. కావున పొలమంతటను చల్లక, వేళ్లు పాఱుచోటనే వేయవలెను. వంగ, మిరప మొక్కలకు గుంటకు దోసెడు మిశ్రమము చాలును. కాపుచెట్లకు కొమ్మల అంచుక్రింద లోతులేని కాలువ తీసి, పెద్దవేళ్లు తెగకుండ, ఏటికొక ప్రక్క రెండు తట్టల మిశ్రమము వేసి కప్పవలెను.

జాగ్రత్తలు

బొగ్గుకొఱకు పచ్చని చెట్టును నఱకరాదు. ప్లాస్టిక్కు, టైర్లు, రంగుపూసిన కఱ్ఱ కాల్పరాదు. జీడిపిక్కల పెంకులలోని నూనె మిక్కిలి ఘాటైనది. దాని పొగ కన్నులకును ఊపిరికిని హానికరము గనుక వానిని వాడరాదు. కొలిమిని మూసిన పాకలో పెట్టరాదు. ఆ విషవాయువు ప్రాణాపాయకరము. పొడి బొగ్గును దంచరాదు, తడిపియే నలుగగొట్టవలెను. చౌడునేలలకు బొగ్గు తగదు. అది క్షారగుణమును హెచ్చించును. మంచి బంకనేలలో దీనివలని లాభము స్వల్పము.

ఒక్కొక్కరు వేర్వేరుగా శ్రమపడుటకంటె, సంఘముపక్షమున ఒక ఇనుప పీపాను కొలిమిగా మార్పించి, కత్తిరింపుల కాలమున సభ్యులకు వంతులవారీగా ఇచ్చుట మేలు. దీనివలని ఫలితము నేలనుబట్టి మాఱును గనుక, ప్రతి సభ్యుడును ఈ యేడు ఒక్క సెంటుభూమిలోనే పరీక్షింపవలెను. సగము వరుసలకు బొగ్గు కలిపిన గత్తమును, తక్కిన సగమునకు అంతే గత్తమును వట్టిగా వేసి, పెట్టిన నీటితడులను, కోసిన కాయల తూకమును వ్రాసియుంచవలెను. ఆ లెక్కలను సంఘసమావేశమున సరిచూచుకొన్నచో, రెండవ యేడు ఎవరు ఎంత భూమికి వేయవలెనో మన నేలయే చెప్పగలదు.