నీటిని గోయు పక్షి

హంస పాలను నీటిని వేఱుచేయుననియు, చాతకము వానచినుకులనే త్రాగుననియు కావ్యములలో జదివి యానందించినవారమే గాని, శీతకాలమున మన తీరమునకు వచ్చిపోవు పక్షులను కన్నులార జూచినవారము మనలో నెందఱము? గడచిన సంక్రాంతి సెలవులలో మేమొక పక్షికై కాకినాడ తీరమున రెండు దినములు వెదకితిమి. ఆ వృత్తాంతమును విన్నవించుచున్నాము.

దానిని ఇంగ్లీషున ఇండియన్ స్కిమ్మర్ అందురు. హిందీలో పనచీరా, అనగా నీటిని చీల్చునది. వీపు నలుపు, మెడయు కడుపును తెలుపు, కాళ్లు ఎఱుపు, ముక్కు నారింజవన్నె. క్రిందిముక్కు పైముక్కుకంటె పొడవుగా నుండుటయే దీని వింత. నోరు తెఱచి, నీటిపై నానియానక యెగురుచు, క్రిందిముక్కుతో నీటిని కోసికొనిపోవును. చేప తగిలినతోడనే పైముక్కు మూతపడును.

ఇది నదులలో బుట్టి పెరుగు పక్షి. ఎండకాలమున చంబల్, మహానది మొదలగు నదుల నడిమి యిసుకతిన్నెలపై గ్రుడ్లు పెట్టును. వేడిమి హెచ్చినపుడు తల్లి కడుపు తడిపికొని వచ్చి గ్రుడ్లను చల్లబఱచును. శీతకాలమున గొన్ని గుంపులు గోదావరి ముఖద్వారమునకు వచ్చును. అచ్చట 1978లో నేర్పడిన కోరంగి అభయారణ్యము వాని కాశ్రయము. లోకమంతటను పెరిగిన పక్షులు మూడువేలకు మించవని పరిశోధకుల యంచనా. 2020లో దీనిని అంతరించు ప్రమాదము మిక్కిలిగా గల జాతులలో జేర్చిరి.

మొదటిదినము కుంభాభిషేకము రేవున బురదనేలలను సాయంకాలమువఱకు గాలించితిమి. "అమ్మా! ఎఱ్ఱముక్కు!" అని మా అమ్మాయి కేకవేసెను. ఎరవు దెచ్చిన దుర్భిణిలో జూచి, పుస్తకముతో బోల్చుకొనగా, అది కాస్పియన్ టెర్న్ అను వేఱొక పక్షి యని తేలెను. మా యుత్సాహమంతయు చల్లారెను.

మఱునాడు చేపల గంపతో వచ్చిన యొక తల్లి మా యవస్థ చూచి నవ్వి, "నీళ్లు తీసినప్పుడు దిబ్బల మీద చూడండి అమ్మగారూ, ఇప్పుడేముంటాయి?" అనెను. ఆమె మాట నమ్మి, ఆటు వేళకు పడవ మాటలాడుకొని పోతిమి. హోప్ ఐలాండు దిక్కున నొక యిసుకదిబ్బపై, గాలి కెదురుగా, ఒకేవైపు ముఖములు పెట్టి కూర్చున్న గుంపు కనబడెను. లెక్కించితిమి, నలువదిమూడు!

"ఇంకాస్త దగ్గరకు పోనిమ్మంటారా? లేచి ఎగురుతాయి" అని పడవవా డడిగెను. అమ్మాయి ఫోను పట్టుకొని సిద్ధముగా నుండెను. మాకును ఆశ లేకపోలేదు. కాని దూరపు నదినుండి వచ్చి, అలసి కూర్చున్న అతిథిని వినోదమునకై లేపుదుమా? వలదంటిమి. ఒక గంట వేచియుంటిమి. పోటు వచ్చుచుండగా పడవ త్రిప్పక తప్పలేదు. అవి నీటిని గోయుట మాత్రము మా కంటబడలేదు.

అమ్మాయి దారిపొడవునను మాటలాడలేదు. రేవు చేరువఱకు ఊరకుండి, "వచ్చే ఏడు కూడా వస్తాయా?" అని యడిగెను. మేము వెంటనే బదులు చెప్పలేకపోతిమి. ఆనకట్టలనుండి నీరు విడిచినచో తిన్నెలు మునుగును; నీరు తగ్గినచో తిన్నె గట్టున గలిసి కుక్కలును నక్కలును గ్రుడ్లను దినును; ఇసుక త్రవ్వినచో తిన్నెయే మిగులదు. ఎక్కడనో యొక నదిలో గుప్పెడు ఇసుక మిగులుటపై మా బిడ్డ ప్రశ్నకు సమాధాన మాధారపడియున్నది.

మీరును శీతకాలమున బిడ్డలతో పోయిరండు. ఆటు వేళ చూచుకొనుడు, దూరముననే నిలువుడు, తినగా మిగిలిన యన్నము కుక్కలు మరగునట్లు ఒడ్డున పారవేయకుడు. పక్షి యెగురకపోయినను విచారింపకుడు. కూర్చున్నచోటనే దానిని విడిచివచ్చితి మన్న తృప్తి మాకు నేటికిని దక్కియున్నది.