చెరువుకు కావలి

చెరువు త్రవ్వించడాన్ని మన పూర్వులు సప్తసంతానాలలో ఒకటిగా పరిగణించారు. అయితే త్రవ్వించినంత మాత్రాన చెరువు నిలవదు. దానిని కనిపెట్టుకొని ఉండేవారు కావాలి. వెనుకటి కాలంలో తూము తెరచి పొలాలకు వంతులవారీగా నీరు వదలడానికి ఊరికొక నీరటి ఉండేవాడు. వేసవిలో రైతులు పూడికమట్టిని త్రవ్వి బండ్లపై పొలాలకు తోలుకొనేవారు. అది పొలానికి సారం, చెరువుకు లోతు. కట్టకు గండిపడితే ఊరంతా పారలు, గంపలు పట్టుకొని కదిలేది. చెరువు ఎండితే ఆయకట్టు ఎండుతుందనీ, ఆయకట్టు ఎండితే గాదె ఖాళీ అవుతుందనీ ప్రతివారికీ తెలుసు.

నగరం విస్తరించి పొలాలు ఇళ్ళస్థలాలుగా మారినప్పుడు ఈ బంధం తెగిపోతుంది. తూముతో పని ఉండదు, నీరటితో పని ఉండదు. కొళాయి నీరు ఎక్కడినుండో వస్తుంది. ఇంటి ఎదుటి చెరువు క్రమంగా ఎవరిదీ కానిదవుతుంది. ఎవరిదీ కాని చోట చెత్త పోయడానికి, హద్దు జరపడానికి ఎవరూ సంకోచించరు. పట్టణాలలోని చెరువుల పతనానికి ఇదే మూలకారణం.

హైదరాబాదుకు వాయవ్యదిశలో, సంగారెడ్డి జిల్లాలో ఉన్న అమీన్‌పూర్ పెద్దచెరువు చరిత్ర ఇందుకు నిదర్శనం. ఇది ఇబ్రహీం కుతుబ్‌షా పాలనాకాలం (1550-1580) నాటిదని చెబుతారు. పటాన్‌చెరు పరిసరాలలో పరిశ్రమలు, ఆ వెంట కాలనీలు పెరిగేకొద్దీ ఈ చెరువు కుంచించుకుపోయింది. ఒకప్పుడు 300 ఎకరాలకు మించి ఉండేదని చెప్పే చెరువు 93 ఎకరాలకు తగ్గింది. గట్టుపై చెత్త కుప్పలు పడ్డాయి.

ఈ స్థితిలో పోలీసు ఉన్నతాధికారిణి తేజ్‌దీప్ కౌర్ మీనన్ నాయకత్వాన ప్రత్యేక రక్షణ దళం సిబ్బంది, స్వచ్ఛందసేవకులు చెరువును శుభ్రపరచడానికి పూనుకొన్నారు. చెత్త తొలగించారు, మొక్కలు నాటారు. పక్షి పరిశీలకులు ఇక్కడ 150కి పైగా జాతుల పక్షులను గుర్తించారు. ఈ కృషి ఫలితంగా 2016 నవంబరులో అమీన్‌పూర్ చెరువు జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా ప్రకటింపబడింది. మన దేశంలో పట్టణ ప్రాంతపు జలాశయానికి ఈ గుర్తింపు లభించడం అదే ప్రథమం.

ఈ గుర్తింపుకు ఆధారం 2002 నాటి జీవవైవిధ్య చట్టంలోని 37వ విభాగం. దాని ప్రకారం రాష్ట్రప్రభుత్వం స్థానిక సంస్థలను సంప్రదించిన పిమ్మటనే ఇటువంటి ప్రకటన చేయాలి. 41వ విభాగం ప్రకారం స్థానిక సంస్థలు జీవవైవిధ్య యాజమాన్య కమిటీలను ఏర్పరచాలి. అనగా, చెరువుకు కావలి కాసే బాధ్యతలో స్థానికులకు చట్టమే చోటు కల్పించింది.

కావలి కాసేవారికి చెరువు స్వభావం తెలిసి ఉండాలి. లోతు తక్కువైన అంచులలో తుంగ, జమ్ము పెరుగుతాయి. నీటికోళ్ళు వాటి చాటున గూళ్ళు కట్టుకొంటాయి. కొంగలు, శీతకాలంలో వచ్చే రాజహంసలు మోకాటిలోతు నీటిలో మేత వెదకుకొంటాయి. గూడబాతులకు, నీటికాకులకు లోతైన నీరు కావాలి. అందం కోసం అంచు చుట్టూ నిట్టనిలువుగా రాతిగోడ కడితే చెరువు చూపులకు చక్కగా ఉండవచ్చును గాని, అందులోని సగం ప్రాణులకు నిలువ నీడ ఉండదు.

మురుగునీటి వలన కలిగే హాని మరింత తీవ్రమైనది. అందులోని నత్రజని, భాస్వరం నాచుకు, గుర్రపుడెక్కకు బలమైన ఎరువులు. గుర్రపుడెక్క నీటిని కప్పివేస్తే సూర్యరశ్మి లోపలికి చేరదు. చచ్చిన మొక్కలు కుళ్ళేటప్పుడు నీటిలోని ప్రాణవాయువు ఖర్చయిపోతుంది. అప్పుడు చేపలు ఊపిరాడక తేలిపోతాయి. చేపలు లేని చెరువుకు చేపలు తినే పక్షులు రావు.

స్వచ్ఛందసేవకులు చేయగలిగిన దానికి ఇక్కడే ఒక హద్దు కనిపిస్తుంది. గట్టును ఎన్ని ఆదివారాలు ఊడ్చినా, పైనుండి మురుగుకాలువ వచ్చి కలుస్తూనే ఉంటే శ్రమ వృథా అవుతుంది. గుర్తింపు పొందిన తరువాత కూడ అమీన్‌పూర్ చెరువుకు పరిసర కాలనీల మురుగు బెడద తప్పలేదు. మురుగును మళ్ళించడం, శుద్ధి చేయడం ప్రభుత్వం చేయవలసిన పనులు. 2012 నాటి భవననిర్మాణ నియమాల ప్రకారం, 10 హెక్టార్లు లేదా అంతకు మించిన చెరువులకు పూర్తి నీటిమట్టపు హద్దునుండి 30 మీటర్లు ఖాళీగా విడిచిపెట్టాలి. ఆ హద్దును కాపాడటం కూడ ప్రభుత్వం వంతే.

అయినప్పటికీ ఆ పనులు జరిగేటట్లు చూచే కన్ను ప్రజలదే. రాత్రివేళ శిఖం భూమిలో మట్టి పోసే బండిని మొదట చూచేది పక్కింటివారు. నీటి రంగు మారినదని ముందుగా గ్రహించేది రోజూ గట్టుపై నడిచేవారు. ఏటేటా పక్షులను లెక్కించి వ్రాసి ఉంచితే, చెరువు కోలుకొంటున్నదో క్షీణిస్తున్నదో ఆ లెక్కలే చెబుతాయి. అధికారులను నిలదీయడానికి అంతకు మించిన సాక్ష్యం లేదు. వినాయకచవితికి మట్టిప్రతిమను పూజించడం, కాలువలో చెత్త వేయకపోవడం ప్రతి ఇంటివారూ చేయగలిగినవే.

పూర్వం చెరువు ఊరికి అన్నం పెట్టింది. నేడు అది వాననీటిని పట్టి ఉంచి భూగర్భజలాన్ని పెంచుతున్నది, వరదపోటును తగ్గిస్తున్నది, ఎండవేడిమిని చల్లార్చుతున్నది. ప్రయోజనం రూపం మారింది గాని అవసరం తీరలేదు. మీ ఊరిలోని చెరువు గట్టు ఎక్కి ఒకసారి చూడండి. దానికి నీరటి అవసరం నేటికీ ఉన్నది. ఆ పని చేయవలసినవారు ఇప్పుడు అక్కడి పౌరులే.